దీవుల మీదుగా ఒక దారి

పెద్దపల్లి నుంచి మంథనికి వెళ్లే దారిలో బేగంపేట సమీపించగానే రామగిరి గుట్టలు కనిపిస్తాయి. చుట్టూ సమతలంగా పరచుకొన్న పొలాల నడుమ ఆ కొండలు ఒక్కసారిగా పైకి లేచి, శిథిలమైన కోటగోడలను శిరసున ధరించి నిలిచి ఉంటాయి. ఈ మైదానమంతటినీ నీరు ముంచెత్తిందని ఒక్క క్షణం ఊహిస్తే పొలాలు, ఊళ్లు, బాటలు అడుగున పడిపోయి, కొండకొమ్ములు మాత్రమే నీటిపైన మిగులుతాయి. అప్పుడు రామగిరి ఒక ద్వీపమవుతుంది. బంగాళాఖాతంలోని అండమాన్ దీవుల స్వరూపాన్ని గ్రహించడానికి ఈ ఊహ చక్కగా ఉపకరిస్తుంది. బర్మా దేశపు పడమటి అంచున ఉన్న అరకాన్ పర్వతశ్రేణి దక్షిణాన సముద్రంలోకి దిగి, నీటి అడుగున సాగి, సుమత్రా దీవి వైపు వెళుతుంది. అలా మునిగిన ఆ శ్రేణిలో నీటికి పైన కనిపించే శిఖరాలే అండమాన్, నికోబార్ దీవులు.

'ద్వీపం' అనే మాటకు రెండు వైపుల నీరు గలది అని వ్యుత్పత్త్యర్థం. 'ద్వి' శబ్దమూ, నీటికి పర్యాయమైన 'అప్' శబ్దమూ కలిసి ఈ మాట ఏర్పడింది. దీని వికృతి 'దీవి'. గోదావరి తీరవాసులు నది నడుమ తేలిన నేలను 'లంక' అంటారు. నదిలోని లంకకు వేసవిలో కాలినడకన కూడా చేరవచ్చు. సముద్రం నడుమ ఉన్న దీవికి అలా చేరడం సాధ్యం కాదు. అందుకే తరతరాలుగా ద్వీపం అనగానే మనుషుల మనసులో దూరం, ఒంటరితనం, భయం మెదిలేవి. అటువంటి దీవుల మీద ఈనాడు మూడు వందల కిలోమీటర్లకు పైగా కారులో ప్రయాణించవచ్చు. ఆ దారి పేరు అండమాన్ మహారహదారి. ఆ దారిని అనుసరించి వెళితే రమణీయమైన తీరాలతో పాటు ఒక పెద్ద ప్రశ్న కూడా ప్రయాణికునికి ఎదురవుతుంది.

దూరం, విస్తృతి

అండమాన్, నికోబార్ దీవులు భారతదేశంలో ఒక కేంద్రపాలిత ప్రాంతం. చిన్న చిన్న రాతిదిబ్బలను కూడా లెక్కిస్తే ఇక్కడి దీవుల సంఖ్య ఎనిమిది వందలు దాటుతుంది. వాటిలో జనావాసం ఉన్నవి కొన్ని పదులు మాత్రమే. మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నివసించేవారు సుమారు 3 లక్షల 80 వేల మంది. ఉత్తరాన అండమాన్ దీవులు, దక్షిణాన నికోబార్ దీవులు ఉన్నాయి. ఈ రెండింటి నడుమ 'పది డిగ్రీల జలసంధి' అనే విశాలమైన సముద్రభాగం ఉంది.

విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి ఈ దీవుల రాజధాని దాదాపు పన్నెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఓడలో వెళితే రెండు మూడు రోజుల ప్రయాణం. విమానంలో రెండు మూడు గంటల్లో చేరవచ్చు. దేశమంతటికీ ఒకే గడియారం కాబట్టి, తూర్పున ఉన్న ఈ దీవులలో సూర్యుడు తెలంగాణలో కంటే దాదాపు యాభై నిమిషాల ముందే ఉదయిస్తాడు. అంతే ముందుగా అస్తమిస్తాడు. సాయంత్రం ఐదున్నరకే చీకట్లు ముసురుకొంటాయి. అక్కడ ప్రయాణాలన్నీ తెల్లవారుజామునే మొదలు కావడానికి ఇది కూడా ఒక కారణం.

నేల విషయంలోనూ ఈ రెండు ప్రాంతాలకు భేదం ఉంది. గోదావరి లోయలో సింగరేణి గనుల నుంచి వెలికి తీసే బొగ్గు ఇరవై అయిదు కోట్ల సంవత్సరాలకు పూర్వపు అడవుల నుంచి ఏర్పడింది. అది ఎన్నడో స్థిరపడిన నేల. అండమాన్ నేల ఇంకా కదులుతూనే ఉంది. భారత భూఫలకం తూర్పున ఉన్న మరొక ఫలకం కిందికి చొచ్చుకుపోతూ ఉండటం వల్ల ఇక్కడ భూకంపాలు సంభవిస్తాయి. దేశంలోని ఏకైక సజీవ అగ్నిపర్వతం ఈ సముద్రంలోని బారెన్ దీవి మీదనే ఉంది.

కారాగారం నుంచి నగరానికి

ప్రయాణం దక్షిణ అండమాన్‌లోని రాజధానీ నగరం నుంచి ఆరంభమవుతుంది. 1789లో ఈస్టిండియా కంపెనీ పక్షాన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాధికారి ఇక్కడ ఒక వలస స్థావరాన్ని నెలకొల్పాడు. కొన్నాళ్లకు దానిని ఉత్తర అండమాన్‌కు తరలించారు. రోగాల వల్ల మనుషులు నిలవలేకపోవడంతో 1796లో అదీ మూతపడింది. అయినా ఆ అధికారి పేరు మీద ఈ నగరం పోర్ట్ బ్లెయిర్‌గా ప్రసిద్ధి పొందింది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దీనికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది.

1857 తిరుగుబాటు అణగిన తర్వాత ఖైదీలను ఉంచడానికి బ్రిటిష్ ప్రభుత్వానికి దూరమైన చోటు కావలసి వచ్చింది. 1858 మార్చిలో రెండు వందల మంది ఖైదీలతో మొదటి ఓడ ఇక్కడికి చేరింది. సముద్రం దాటినవాడు కులానికి, ఊరికి, బంధువర్గానికి దూరమవుతాడనే నమ్మకం బలంగా ఉన్న రోజులవి. అందుచేత ఈ ప్రవాస శిక్షను ప్రజలు 'కాలాపానీ' అన్నారు. నల్లని నీరు అని దాని అర్థం.

ఆ నల్లని నీటిని దాటినవారిలో తెలుగు నేలకు చెందినవారూ ఉన్నారు. 1857 జూలై 17న హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లాఉద్దీన్‌ను అండమాన్‌కు పంపారు. ఆయన మళ్లీ హైదరాబాదును చూడలేదు. ఆ దీవిలోనే కన్నుమూశారు. తూర్పు కనుమల మన్యంలో తిరగబడిన గిరిజనులలో కొందరు కూడా ఈ శిక్షను అనుభవించారు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్ష పడిన ప్రతివాది భయంకరాచారి ఇక్కడి జైలులో బందీగా గడిపారు.

ఆ జైలే సెల్యులర్ జైలు. దీని నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. నడుమ ఒక గోపురం, దాని నుంచి చక్రపు ఆకుల వలె ఏడు దిక్కులకు సాగిన ఏడు మూడంతస్తుల కట్టడాలు, వాటిలో దాదాపు ఏడు వందల గదులు ఉండేవి. ఒక వరుసలోని గదుల ముఖం మరొక వరుస వెనుక గోడ వైపు ఉంటుంది. ఒక ఖైదీకి మరొక ఖైదీ కనిపించడు. మనిషిని మనిషి నుంచి వేరు చేయడమే ఆ కట్టడపు పరమార్థం. నూనె గానుగలను ఎద్దులకు బదులు ఖైదీల చేత తిప్పించేవారు. 1933లోనూ, 1937లోనూ రాజకీయ ఖైదీలు నిరాహార దీక్షలు చేశారు. 1933 దీక్షలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. దేశమంతటా ఆందోళన చెలరేగడంతో 1938 ఆరంభానికి రాజకీయ ఖైదీలను ప్రధాన భూభాగానికి తిరిగి పంపించారు. ఏడు కట్టడాలలో నేడు మూడు మిగిలాయి. 1979లో దీనిని జాతీయ స్మారక చిహ్నంగా ప్రకటించారు.

ఈ జైలు ఎదుట నిలిచి చూస్తే సముద్రం అత్యంత సుందరంగా కనిపిస్తుంది. ఆకాశనీలం, ముదురు నీలం, మరకతపు పచ్చదనం ఒకదానిలో ఒకటి కలిసిపోతూ ఉంటాయి. ఒకనాడు ఆ సౌందర్యమే ఖైదీలకు దాటరాని గోడ అయింది.

నగరం దాటకముందు రెండు చోట్లను తప్పక చూడాలి. ఒకటి 1883లో స్థాపించిన చాథమ్ కలప మిల్లు. ఎర్రచందనానికి దగ్గరి బంధువైన పడౌక్ వృక్షపు దుంగలు ఇక్కడ కోతకు వచ్చేవి. ఈ దీవుల అడవులను ప్రభుత్వం ఏ దృష్టితో చూసిందో ఈ మిల్లు తెలుపుతుంది. రెండవది నగరానికి సమీపంలోని సిప్పీఘాట్. 2004 డిసెంబరు 26 నాటి మహాభూకంపంలో దక్షిణ అండమాన్ నేల దాదాపు ఒక మీటరు కుంగింది. ఆనాడు సిప్పీఘాట్ పొలాలలోకి వచ్చిన ఉప్పునీరు తిరిగి వెళ్లలేదు. వరి పండిన చోట రోడ్డుకు ఇరువైపులా చిత్తడి నేల ఏర్పడింది. ఇప్పుడు అక్కడ నీటిపక్షులు వాలుతున్నాయి.

మహారహదారి

దీవుల మీద రోడ్డు అనగానే సందేహం కలగడం సహజం. దక్షిణ, మధ్య, ఉత్తర అండమాన్ దీవులు, వాటి నడుమ ఉన్న బారాతాంగ్ దీవి ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నాయి. వాటిని వేరు చేసేవి ఇరుకైన జలసంధులు మాత్రమే. ఆ జలసంధుల వద్ద వాహనాలను పెద్ద పడవ మీదికి ఎక్కించి అవతలి ఒడ్డుకు చేరుస్తారు. గోదావరి జిల్లాలలో దీనిని 'పంటు' అంటారు. తర్వాతి కాలంలో కొన్ని జలసంధుల మీద వంతెనలు వెలిశాయి. మధ్య, ఉత్తర అండమాన్‌ల నడుమ ఆస్టిన్ జలసంధి మీద చెంగప్ప వంతెన ఉంది. హంఫ్రీ జలసంధి మీద కూడా ఇటీవల వంతెన నిర్మించారు.

ఈ రహదారి నిర్మాణం 1970 దశకంలో ఊపందుకొని 1989లో పూర్తయింది. పూర్వం దీనిని 223వ జాతీయ రహదారిగా వ్యవహరించేవారు. నేడు ఇది 4వ జాతీయ రహదారి. రాజధాని నుంచి ఉత్తరపు కొసన ఉన్న దిగ్లీపూర్ వరకు ఇది సాగుతుంది. తెల్లవారక ముందే బయలుదేరిన కారు సాయంత్రం చీకటి పడే వేళకు గాని అక్కడికి చేరదు. దూరం ఎక్కువ కావడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. దారిలో పంటు కోసం వేచి ఉండాలి. అంతకంటే ముందు జిర్కాతాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆగాలి.

జిర్కాతాంగ్ దగ్గర కార్లు, బస్సులు, లారీలు వరుసగా నిలుస్తాయి. నిర్ణీత సమయానికి పోలీసుల రక్షణలో అవన్నీ ఒకే శ్రేణిగా కదులుతాయి. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ రేవు వరకు దాదాపు యాభై కిలోమీటర్ల దూరం ఎవరూ వాహనం ఆపరాదు. ఒకరినొకరు దాటిపోరాదు. వేగం గంటకు నలభై కిలోమీటర్లకు మించరాదు. ఛాయాచిత్రాలు తీయరాదు. దారిలో ఎవరు కనిపించినా ఆహారం గాని, బట్టలు గాని, మరే వస్తువు గాని ఇవ్వరాదు. ఇన్ని నిషేధాలకు కారణం ఆ అడవి జరవాలది కావడమే.

ఆ అడవి మనుషులు

అండమాన్ ఆదిమవాసులు వేల సంవత్సరాలుగా ఈ దీవులలో నివసిస్తున్నారు. వేట, చేపలు పట్టడం, తేనె, దుంపలు, పండ్లు సేకరించడం వారి జీవనాధారం. 'జరవా' అనేది వారు తమకు పెట్టుకొన్న పేరు కాదు. పొరుగు తెగవారి భాషలో దానికి పరాయివారు అని అర్థం. తమను తాము వారు 'ఆంగ్' అని చెప్పుకొంటారు. దక్షిణ, మధ్య అండమాన్‌ల పడమటి తీరం వెంట వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా అడవి వారి రక్షిత ప్రాంతం. ఆదిమ తెగల రక్షణ కోసం 1956లో ప్రత్యేక నిబంధనావళి వెలువడింది. 2011 లెక్కల ప్రకారం జరవాల సంఖ్య 380.

పరాయివారితో పరిచయం ఈ దీవులలో ఎటువంటి ఫలితాన్నిచ్చిందో తెలుసుకోవాలంటే గ్రేట్ అండమానీస్ తెగల చరిత్రను చూడాలి. 1858లో బ్రిటిష్ స్థావరం ఏర్పడేనాటికి ఆ తెగలలో కొన్ని వేల మంది ఉన్నారని అంచనా. 1859లో వారు విల్లంబులతో స్థావరం మీద దాడి చేసి, తుపాకుల ముందు ఓడిపోయారు. ఆయుధాల కంటే రోగాలు ఎక్కువ హాని చేశాయి. బయటివారితో వచ్చిన తట్టు మొదలైన వ్యాధులను ఎదుర్కొనే శక్తి వారి శరీరాలకు లేదు. 1901 నాటికి 625 మంది మిగిలారు. 1961 నాటికి 19 మంది మాత్రమే మిగిలారు. తర్వాత సంఖ్య కొంత పెరిగినా, వారి భాషలు ఒక్కొక్కటిగా అంతరించాయి. 'బో' అనే భాషను మాట్లాడగలిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించింది. ఆమె చివరి సంవత్సరాలలో ఆ భాషలో మాట్లాడదామంటే వినేవారు లేరు. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను ముద్రించి భద్రపరచకపోతే ఆ మాత్రం ఆనవాలు కూడా మిగిలేది కాదు.

జరవాలు చాలాకాలం బయటివారిని తమ అడవిలోకి రానివ్వలేదు. రహదారి నిర్మాణ కాలంలో బాణాలతో ప్రతిఘటించారు. 1996లో కాలు విరిగిన ఒక జరవా బాలునికి రాజధానిలోని ఆసుపత్రిలో వైద్యం చేసి తిరిగి పంపించారు. ఆ తరువాత రెండేళ్లలోపే జరవాలు విల్లంబులు లేకుండా అడవి వెలుపలికి రావడం మొదలైంది. 1999లో వారిలో తట్టు వ్యాపించింది. గ్రేట్ అండమానీస్ చరిత్ర పునరావృతమవుతుందేమోనన్న ఆందోళన కలిగింది.

2002 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం జరవా ప్రాంతం గుండా వెళ్లే రోడ్డు భాగాన్ని మూసివేయాలని ఆదేశించింది. ఆ మూసివేత అమలులోకి రాలేదు. ఉత్తరాన ఉన్న ఊళ్లకు సరుకులు, రోగులకు ఆసుపత్రి, విద్యార్థులకు కళాశాల ఈ దారి మీదనే ఆధారపడి ఉన్నాయని పాలనాయంత్రాంగం వాదించింది. ఇంతలో పర్యాటకుల సంఖ్య పెరిగింది. జరవాలను చూడటమే ప్రయాణ లక్ష్యంగా కొందరు కార్లలో బయలుదేరసాగారు. ఆహారం ఆశ చూపి జరవా స్త్రీల చేత నాట్యం చేయించిన దృశ్యాలు 2012 జనవరిలో బయటపడినప్పుడు ప్రపంచమంతా నివ్వెరపోయింది. ఆ సంవత్సరమే రక్షణ నిబంధనలను కఠినతరం చేశారు. 2013లో న్యాయస్థానం కొన్ని వారాల పాటు ఈ దారిలో పర్యాటకుల రాకపోకలను ఆపివేసింది. ఆ తర్వాత సడలించింది. బారాతాంగ్‌కు అడవి దారితో పనిలేని సముద్ర మార్గాన్ని కూడా అనంతరం ఏర్పాటు చేశారు.

ఇక్కడ ఉభయపక్షాల వాదనలలోనూ బలం ఉంది. ఉత్తర అండమాన్‌లోని తల్లికి అర్ధరాత్రి ప్రసవవేదన కలిగితే రోడ్డు ప్రాణదాత. అదే రోడ్డు మీద వచ్చిన తుమ్ము, దగ్గు, సారాయి, పొగాకు జరవా శిశువుకు ప్రాణాంతకం కావచ్చు. బొగ్గు బావుల ప్రాంతంలో పెరిగిన విద్యార్థికి ఈ చిక్కు అపరిచితమైనది కాదు. దేశానికి వెలుగు కావాలి, వెలుగుకు బొగ్గు కావాలి, ఆ బొగ్గు కోసం ఓపెన్‌కాస్ట్ గని వచ్చిన చోట ఊరు కదలాలి. గోదావరిఖని పరిసరాలలో అలా కదిలిన ఊళ్ల ప్రజలకు కనీసం తమ బాధను చెప్పుకోవడానికి భాష, కాగితం, న్యాయస్థానం ఉన్నాయి. జరవాలకు వాటిలో మొదటిది తప్ప మిగిలినవి లేవు. ఆ మొదటిది కూడా ఇతరులకు అర్థం కాదు.

ఉత్తర దిశగా

మిడిల్ స్ట్రెయిట్ వద్ద కారు పంటు ఎక్కి బారాతాంగ్ చేరుతుంది. ఇరువైపులా మడ అడవులు. చెట్ల వేళ్లు ఊడల వలె నీటిలోకి దిగి, అలల వేగాన్ని అణచి, తీరపు మట్టిని పట్టి ఉంచుతాయి. నీలంబూర్ రేవు నుంచి చిన్న పడవలో ఈ మడ అడవుల పాయ గుండా వెళ్లి, కొంత దూరం నడిస్తే సున్నపురాయి గుహలు వస్తాయి. వాన నీరు రాతిని కరిగించుకొని చుక్కలు చుక్కలుగా జారుతూ వేల సంవత్సరాలలో మలచిన రాతి స్తంభాలు అక్కడ వేలాడుతుంటాయి. అదే దీవిలో బురద అగ్నిపర్వతం ఉంది. పేరు విని మంటలను ఊహించుకొన్నవారికి చల్లని బురద బుడగలు మాత్రమే కనిపిస్తాయి. భూగర్భంలోని వాయువులు తడిమట్టిని పైకి నెట్టడం వల్ల అవి ఏర్పడతాయి.

మధ్య అండమాన్‌లోని రంగత్ దాటిన తర్వాత రోడ్డు తూర్పు తీరాన్ని సమీపిస్తుంది. ఆమ్‌కుంజ్ వద్ద రాళ్ల నడుమ నిర్మలమైన నీరు నిలుస్తుంది. కొంత దూరాన ఉన్న కత్‌బర్ట్ అఖాతపు ఇసుకలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఒక పక్క అడవి, మరొక పక్క సముద్రం, నడుమ కారు పట్టేంత దారి. ఈ దృశ్యం కోసమే చాలామంది ఇంత దూరం వస్తారు.

ఈ దారి పొడవునా ఊళ్ల పేర్లను గమనిస్తే వలసల చరిత్ర తెలుస్తుంది. దక్షిణ అండమాన్‌లో కాలికట్, మంజేరి, వండూర్ అనే ఊళ్లున్నాయి. అవి కేరళ నుంచి వచ్చిన మాపిళ్లలు తమతో తెచ్చుకొన్న పేర్లు. మాయాబందర్ సమీపంలోని వెబీ గ్రామాన్ని 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ జాతివారు స్థాపించారు. దేశ విభజన తర్వాత 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. దిగ్లీపూర్ ప్రాంతంలోని కాళీఘాట్, రామ్‌నగర్ వంటి పేర్లలో వారి భక్తి, జ్ఞాపకాలు రెండూ వినిపిస్తాయి. ఛోటానాగపూర్ పీఠభూమి నుంచి అడవి పనులకు వచ్చిన ఆదివాసీ కూలీలను ఇక్కడ 'రాంచీవారు' అంటారు.

వీరందరితో పాటు తెలుగువారు ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి మత్స్యకారులు, కూలీలు, చిరువ్యాపారులు ఓడలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. 2011 లెక్కల ప్రకారం ఈ దీవుల జనాభాలో సుమారు పదమూడు శాతం మందికి తెలుగు మాతృభాష. రాజధానిలోని జంగ్లీఘాట్ రేవు వద్ద చేపల బేరం ఉత్తరాంధ్ర యాసలో వినవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పొరుగింటిలో బెంగాలీ వింటూ పెరిగే పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. పలు ప్రాంతాల నుంచి వచ్చిన కార్మికులతో ఏర్పడిన గోదావరిఖనికి, ఈ దీవుల పట్టణాలకు ఇందులో కొంత సామ్యం కనిపిస్తుంది.

దారి చివర దిగ్లీపూర్. దాని సమీపంలో 732 మీటర్ల ఎత్తున సాడిల్ శిఖరం ఉంది. అండమాన్ దీవులలో అన్నింటికంటే ఎత్తైనది ఇదే. కాలీపూర్ తీరంలో పలు జాతుల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పడవలో వెళితే రాస్, స్మిత్ అనే జంట దీవులను తెల్లని ఇసుక తిన్నె ఒక్కటే కలుపుతూ కనిపిస్తుంది. ఆటు సమయంలో దాని మీదుగా నడచి వెళ్లవచ్చు; పోటు వచ్చినప్పుడు అది నీట మునుగుతుంది. ఇక్కడ గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. 2004 భూకంపంలో దక్షిణాన నేల కుంగగా, ఉత్తర అండమాన్‌లో కొన్ని చోట్ల దాదాపు మీటరు ఎత్తుకు లేచింది. నీటిలో ఉండవలసిన పగడపు దిబ్బలు ఎండకు తేలి చనిపోయాయి. అంటే సిప్పీఘాట్ నుంచి దిగ్లీపూర్‌కు వచ్చే ప్రయాణికుడు మునిగిన నేల నుంచి తేలిన నేలకు ప్రయాణిస్తున్నాడన్నమాట.

యాత్రికుని ధర్మం

తెలుగులో యాత్రాసాహిత్యానికి ఆద్యుడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830, 31 సంవత్సరాలలో చేసిన ప్రయాణాన్ని ఆయన 'కాశీయాత్ర చరిత్ర'గా రచించారు. దారిలోని మజిలీలు, నీటి వసతి, ధరలు, మనుషుల ఆచారాలు అన్నింటినీ శ్రద్ధగా నమోదు చేశారు. నూతన ప్రదేశాన్ని ఆసక్తితో చూడటం, చూసినదానిని అర్థం చేసుకోవడం యాత్రకు ప్రాణమని ఆ గ్రంథం వల్ల తెలుస్తుంది. అయితే ఆసక్తికి ఒక హద్దు ఉంది. కొండను చూసినట్లు, అలను చూసినట్లు మనిషిని చూడరాదు. చూపు తనపై పడటం మనిషికి తెలుస్తుంది. ఆ చూపు ఇష్టమో కాదో చెప్పే హక్కు అతనికి ఉంది.

అండమాన్ చరిత్రలో ఇతరులు ఈ దీవులను ముందు శిక్షాస్థలంగా చూశారు. తర్వాత కలప నిధిగా చూశారు. ఆ పిమ్మట ఇల్లు కోల్పోయినవారికి కొత్త ఇంటి స్థలంగా, చివరికి విహారభూమిగా చూశారు. ఈ దృష్టులన్నింటికీ ముందునుంచే ఇది కొందరికి ఇల్లు. సునామీ వచ్చిననాడు జరవాలు తమ అడవిలో సురక్షితంగా బయటపడ్డారు. సముద్రపు గుణం ఎరిగినవారి జ్ఞానమది. ఆ జ్ఞానం వారితో పాటు బ్రతికి ఉండటం ప్రపంచానికి కూడా మేలు.

కాబట్టి ఈ దారిలో వెళ్లేవారు జైలు గోడల ముందు నిలిచి చూడవచ్చు. మడ అడవులను, గుహలను, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాన్ని, ఇసుక తిన్నెను కన్నులారా చూడవచ్చు. అవకాశం ఉన్నప్పుడు బారాతాంగ్‌కు సముద్ర మార్గాన్ని ఎంచుకోవచ్చు. అడవి దారినే వెళ్లవలసి వస్తే కారు అద్దాలు మూసుకొని, కెమెరాను సంచిలో ఉంచి, నియమిత వేగంతో ఆగకుండా సాగిపోవాలి. దారి పక్కన ఎవరైనా కనిపిస్తే, అది వారి ఇంటి ముంగిలి అని గుర్తించి ముందుకు వెళ్లడమే వారికి చేయగల మర్యాద.